లూకా వ్రాయని మాట

పన్నెండేళ్ళుగా రక్తస్రావంతో బాధపడిన స్త్రీ కథ మీకందరికీ తెలిసినదే. గుంపులో వెనుకనుండి వచ్చి, ప్రభువు వస్త్రపు అంచును తాకి స్వస్థత పొందిన ఆ తల్లిని గూర్చి మార్కు, లూకా ఇద్దరూ వ్రాశారు. ఈ రాత్రి కుటుంబ ప్రార్థన తరువాత ఆ రెండు సువార్తలనూ పక్కపక్కన పెట్టి చదవండి. మార్కు 5వ అధ్యాయంలో, ఆమె ఎందరో వైద్యుల చేతుల్లో నానా యాతనలు పడిందనీ, ఉన్నదంతా ఖర్చు పెట్టుకున్నదనీ, జబ్బు తగ్గకపోగా ఇంకా ముదిరిందనీ ఉంటుంది. లూకా 8వ అధ్యాయంలో ఆ యాతన మాట లేదు, జబ్బు ముదిరిన మాట అసలే లేదు. ఆమెను ఎవరూ నయం చేయలేకపోయారని మాత్రం చెప్పి ఆయన ముందుకు సాగిపోయారు.

లూకా వైద్యుడు. పునీత పౌలు కొలొస్సీయులకు వ్రాసిన లేఖ చివరలో ఆయనను అలాగే పేర్కొన్నారు. తోటి వైద్యుల పరువు దక్కించడానికే లూకా ఆ మాట వదిలేశాడని వ్యాఖ్యానకర్తలు కొందరు చిరునవ్వుతో అంటుంటారు. నాకైతే సువార్తికుణ్ణి అంతగా అనుమానించాలని లేదు. కథను కుదించి చెప్పే హక్కు ఆయనకున్నది. కాని ఆ చిరునవ్వు వెనుక ఉన్న ప్రశ్న చిన్నది కాదు. తోటి వైద్యుని చేతిలో రోగికి కీడు జరిగిందని తెలిసిన వైద్యుడు ఏమి చేయాలి? ఆ తెలిసినవాడు సామాన్య వైద్యుడు కాక, పేరు మోసిన సర్జన్ అయి, సర్జన్ల సంఘానికి అధ్యక్షుడు కూడా అయితే?

ఇది డాక్టర్లు తేల్చుకోవలసిన గొడవ, మనకెందుకు అనుకోకండి. మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అవసరమైనప్పుడు ఏం చేస్తారు? వాకబు చేసి, ఊళ్ళో పెద్ద సర్జన్ అని పేరున్నవారి దగ్గరకు వెళతారు. ఆయన గదిలో కూర్చున్నప్పుడు మీ చూపు గోడమీదికి పోతుంది. పట్టాలు, మహాసభలో జ్యోతి వెలిగిస్తున్న ఫొటో, శాలువా కప్పుతున్న ఫొటో, అద్దాల బీరువాలో జ్ఞాపికలు, ఫలానా సంఘానికి అధ్యక్షులుగా ఎన్నికైన సంవత్సరం. అవి చూసి మీ మనసు కుదుటపడుతుంది. తప్పు లేదు. తోటి సర్జన్లు ఆయనను ఎన్నుకున్నారంటే ఏదో చూసే ఎన్నుకొని ఉంటారు కదా అనుకుంటారు.

అక్కడే ఉంది చిక్కు. వడ్రంగి బల్ల చేస్తే వంకరో తిన్ననో మనకే కనబడుతుంది. సర్జన్ పని చేసే సమయానికి రోగి మత్తులో ఉంటాడు. బయట బెంచీమీద జపమాల పట్టుకుని కూర్చున్న మనకు లోపల ఏం జరిగిందో తెలియదు. తెలిసినవారు మరో డాక్టరు, మత్తు ఇచ్చినవారు, నర్సులు, అంతే. కనుక ఒక సర్జన్ గొప్పతనానికి సాక్షులు ఆయన వృత్తివాళ్ళే. ఆ సాక్షులు నిజం చెప్పేవారైతే గోడమీది పటానికి విలువ ఉన్నది. ఒకరి తప్పు ఒకరు కప్పుకుందామన్న ఒప్పందమే సంఘమైతే, ఆ పటం బంగారు పూత పూసిన చెక్కముక్క.

ఇద్దరు సర్జన్ల చరిత్ర మీ ముందుంచుతాను.

మొదటివారు స్విట్జర్లాండుకు చెందిన థియోడోర్ కోహెర్. 1841లో బెర్న్ నగరంలో పుట్టి, 30 ఏళ్ళకే అక్కడి విశ్వవిద్యాలయంలో శస్త్రచికిత్స ఆచార్యులయ్యారు. ఆల్ప్స్ కొండల లోయల్లో, నీళ్ళలో, తిండిలో అయొడిన్ చాలక, ఎందరికో గొంతుమీద థైరాయిడ్ గ్రంథి గుమ్మడికాయలా వాచేది. గళగండమంటామే, అదే. ఊపిరి ఆడనివ్వని ఆ గడ్డను కోయబోతే రోగి రక్తం కారి చనిపోతాడని సర్జన్లు భయపడే రోజులవి. కోహెర్ నెమ్మదిగా, శుభ్రంగా, ఒక్కొక్క రక్తనాళాన్నీ కట్టుకుంటూ కోసేవారు. ఆయన చేతిలో చావులు తగ్గుతూ వచ్చాయి. గ్రంథిని కొంచెమైనా మిగల్చకుండా తీసివేస్తే మళ్ళీ పెరగదు గదా, అదే రోగికి మేలు అని భావించి చాలామందికి పూర్తిగా తీసివేశారు. ఆ గ్రంథి శరీరంలో ఏ పని చేస్తుందో అప్పటికి ప్రపంచంలో ఎవరికీ స్పష్టంగా తెలియదు.

1874లో ఆయన పదకొండేళ్ళ బాలికకు ఆ ఆపరేషన్ చేశారు. గాయం చక్కగా మానింది, పిల్ల ఇంటికి వెళ్ళిపోయింది. పుస్తకంలో వ్రాసుకోవలసినంత విజయం. తరువాత ఆ పిల్లను చూసే మరో డాక్టరు, ఆమె మనిషి మారిపోయిందని కోహెర్‌తో చెప్పారు. ఆయన కబురు పెట్టి పిలిపించి చూశారు. ఆ బాలికకు ఒక చెల్లెలుండేది. ఆపరేషన్‌కు ముందు ఎవరు ఎవరో పోల్చుకోలేనంతగా ఇద్దరూ ఒకేలా ఉండేవారట. ఇప్పుడు చెల్లెలు ఎదిగిన అందమైన యువతి. అక్క మాత్రం పొట్టిగా అలాగే నిలిచిపోయి, ముఖం ఉబ్బి, బుద్ధి మందగించి ఉన్నది.

ఆ క్షణంలో ఆ సర్జన్ ముందు రెండు దారులున్నాయి. ఇది ఏదో ఒక్క పిల్ల దురదృష్టం అని సరిపెట్టుకోవచ్చు. ఎవరూ అడగరు, ఎవరికీ తెలియదు, అప్పటికే ఆయన కీర్తి దేశాలు దాటింది. కోహెర్ ఆ దారిన పోలేదు. పాత రోగులందరికీ ఉత్తరాలు వ్రాసి రమ్మన్నారు. గ్రంథిని పూర్తిగా తీసినవారిలో 18 మందిని పరీక్షిస్తే 16 మందిలో అదే క్షీణత కనిపించింది. 1883 ఏప్రిల్‌లో బెర్లిన్‌లో జరిగిన జర్మన్ సర్జన్ల మహాసభలో నిలబడి ఈ లెక్క మొత్తం చెప్పారు. సాధారణమైన గళగండానికి గ్రంథిని పూర్తిగా తీయడం ఇక మానివేశానని ప్రకటించారు. జెనీవాలో రెవెర్డిన్ అనే సర్జన్ కూడా అంతకు కొద్ది కాలం ముందే ఇటువంటిది గమనించారు, ముందెవరు కనిపెట్టారన్న దానిమీద ఇద్దరికీ పేచీ నడిచింది. కోహెర్ దేవదూత కాదన్నమాట. కాని ఆ లెక్క బయటపడినందువల్లనే థైరాయిడ్ లేకుండా మనిషి మనిషిగా ఎదగలేడని లోకానికి తెలిసింది. 1891లో ఇంగ్లండులో జార్జ్ మర్రే అనే డాక్టరు గొర్రె థైరాయిడ్ రసం ఇచ్చి ఇటువంటి రోగులను బాగు చేయగలిగారు. నేడు మన ఇళ్ళలో ఎంతమంది స్త్రీలు పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారో మీకు తెలుసు. ఆ మాత్ర వెనుక ఇంత కథ ఉంది.

తన కీడును తానే చెప్పుకున్నందుకు ఆయన చిన్నబోలేదు. 1902లో ఆ జర్మన్ సర్జన్ల సంఘమే ఆయనను అధ్యక్షునిగా ఎన్నుకున్నది. 1905లో బ్రస్సెల్స్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ శస్త్రచికిత్స మహాసభకు ఆయనే అధ్యక్షులు. 1909లో నోబెల్ బహుమతి వచ్చింది. జీవితకాలంలో ఆయన చేసిన థైరాయిడ్ ఆపరేషన్లు ఐదు వేల పైమాట.

రెండవవారికి ఇంత అదృష్టం పట్టలేదు. అమెరికాలోని బోస్టన్ నగరంలో 1869లో పుట్టిన ఎర్నెస్ట్ కాడ్‌మన్, హార్వర్డ్‌లో చదివి, పేరుగాంచిన మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో సర్జన్ అయ్యారు. ఆయన అడిగినది ఒకే ప్రశ్న. ఆపరేషన్ చేసిన ప్రతి రోగికీ ఒక కార్డు ఉండాలి, ఏడాది తరువాత ఆ రోగిని వెదికి పట్టుకుని ఎలా ఉన్నాడో ఆ కార్డుమీద వ్రాయాలి, బాగుపడకపోతే ఎందుకు బాగుపడలేదో కూడా వ్రాయాలి, సరేనా? వినడానికి ఎంత చిన్న విషయం! మన పల్లెలో గేదెను కొన్నవాడు కూడా ఏడాది తరువాత పాలెన్ని ఇస్తున్నదో లెక్క చూసుకుంటాడు. కాని పెద్ద సర్జన్లకు అది మింగుడుపడలేదు.

ఆయన తప్పులను వేరు చేసి వ్రాసిన పద్ధతి చూడండి. తెలివి, నైపుణ్యం చాలకపోవడం ఒకటి, నిర్ణయంలో పొరపాటు ఒకటి, శ్రద్ధ లేదా పరికరాలు లోపించడం ఒకటి, జబ్బును సరిగా గుర్తించలేకపోవడం ఒకటి. ఇవి వైద్యుని ఖాతా. జబ్బే లొంగనిది కావడం, రోగి చికిత్సకు ఒప్పుకోకపోవడం, ఎవరి చేతిలోనూ లేని ఉపద్రవం, ఇవి వేరే ఖాతా. ఈ పట్టిక చదివితే మనకు పాపసంకీర్తనానికి ముందు చేసే ఆత్మశోధన గుర్తుకొస్తుంది. మన నీతిశాస్త్రం కూడా తెలిసి చేసినదాన్ని, తెలియక చేసినదాన్ని, తెలుసుకోగలిగీ తెలుసుకోకుండా చేసినదాన్ని విడివిడిగా తూస్తుంది. ప్రతి పొరపాటూ పాపం కాదు. కోహెర్ ఆ బాలికకు చేసినది పాపం కాదు, ఆనాటికి ఎవరికీ తెలియనిది. కాని తెలిసిన తరువాత దాచితే? కత్తి పట్టిన చేయి నిర్దోషి అయినా, ఫలితాన్ని దాచిన నాలుక నిర్దోషి కాదు.

కాడ్‌మన్ సొంతంగా చిన్న ఆసుపత్రి పెట్టి, 1911 నుండి 1916 వరకు అక్కడ నుండి ఇంటికి వెళ్ళిన 337 మంది రోగుల ఫలితాలను అచ్చువేయించారు. అందులో 123 తప్పులను తప్పులుగానే లెక్కగట్టి చూపారు. తన ఆసుపత్రి తప్పుల చిట్టాను తన డబ్బుతో అచ్చువేసి ఇతరులకు పంచిన సర్జన్‌ను ఇంకొకరిని చూపండి!

అయితే మనిషి మొండివాడు, నోరు దురుసు. తన ఫలితాలు ఇతరులవాటికన్నా మెరుగు కనుక తననే ప్రధాన సర్జన్‌గా నియమించాలని పెద్దాసుపత్రికి అర్జీ పెట్టుకున్నారు. 1915 జనవరి 6న స్థానిక వైద్య సంఘం సమావేశం జరిగింది. ఆ సంఘపు శస్త్రచికిత్స విభాగానికి అప్పుడాయనే అధ్యక్షులు. ఆ సభలో ఒక పెద్ద వ్యంగ్యచిత్రం తెర తీసి చూపించారు. ఇసుకలో తల దూర్చిన నిప్పుకోడి బంగారు గుడ్లు పెడుతూ ఉంటుంది, డాక్టర్లు ఆ గుడ్లు ఏరుకుంటూ ఉంటారు, నిజం తెలిస్తే ఈ కోడి ఇలాగే గుడ్లు పెడుతుందా అని ఆసుపత్రి ధర్మకర్తలు, విశ్వవిద్యాలయపు అధిపతి ఆలోచిస్తూ ఉంటారు. నిప్పుకోడి అంటే ఆ ఊరి ధనికులైన రోగులు. సభలో గగ్గోలు పుట్టింది. ఆయన విభాగాధ్యక్ష పదవి పోయింది, హార్వర్డ్‌లో బోధించే ఉద్యోగమూ పోయింది.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. తోటివారి తప్పును నలుగురిలో పెట్టడం ధర్మమా? తొందరపడి జవాబు చెప్పకండి. ఎనిమిదవ ఆజ్ఞ అబద్ధసాక్ష్యాన్ని మాత్రమే నిషేధించలేదు. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2477వ పేరాలో, తగిన కారణం లేకుండా ఒకరి లోపాలను అవి తెలియనివారికి వెల్లడి చేయడం కూడా, ఆ లోపాలు నిజమైనవే అయినా సరే, పాపమని చెబుతుంది. పరువు కూడా ఒక ఆస్తి. దొంగిలిస్తే తిరిగి ఇవ్వడం డబ్బు తిరిగి ఇవ్వడంకన్నా కష్టం. ఇది మన విచారణలలో, ముఖ్యంగా పూజ అయిన తరువాత గుడి మెట్లమీద, తరచుగా గుర్తు చేయవలసిన సంగతి.

కాని “తగిన కారణం లేకుండా” అన్నదాన్ని గట్టిగా పట్టుకోవాలి. రేపు అదే బల్లమీద పడుకోబోయే రోగి ప్రాణం తగిన కారణం కాకపోతే మరేది కారణమవుతుంది? నా అభిప్రాయం చెబుతాను. కాడ్‌మన్ కార్డు ధర్మం, కాడ్‌మన్ బొమ్మ అధర్మం కాకపోయినా అవివేకం. కార్డు రోగికోసం, బొమ్మ కోపంకోసం. కోహెర్ ముందుగా తన తప్పుతో మొదలుపెట్టారు కనుక వినేవారి చెవులు మూసుకుపోలేదు. కాడ్‌మన్ కూడా తన తప్పులను దాచలేదు, అది ఆయనకు దక్కవలసిన గౌరవమే, కాని ఎదుటివారి ముఖంమీద నవ్విన తరువాత ఎవరూ ఆయన చిట్టా విప్పి చూడలేదు. మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు చూపిన వరుస మీకు తెలుసు. మొదట ఒంటరిగా కలిసి చెప్పాలి, వినకపోతే ఒకరిద్దరిని తీసుకుపోవాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి తెలపాలి. మూడవ మెట్టు ఉన్నదని మరచేవారు పిరికివారు, మొదటి మెట్టు ఎక్కకుండా మూడవదానికి దూకేవారు తొందరపాటువారు.

ఆ మెట్ల సంగతి పెద్ద ఎత్తున పరీక్షకు వచ్చిన సందర్భం ఒకటున్నది. 1913లో ఏర్పడిన అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ అనే సంఘం, మొదట్లో కాడ్‌మన్ అధ్యక్షతన ఒక కమిటీ వేసి, ఆసుపత్రులు ఎలా ఉండాలో నియమాలు తయారు చేసుకున్నది. ఒక్క పేజీ నియమాలు. ప్రతి రోగికీ పూర్తి రికార్డు ఉండాలి, డాక్టర్లు క్రమంగా కూడి తమ ఫలితాలను సమీక్షించుకోవాలి, రోగిని పంపినందుకు వాటా పంచుకోకూడదు, పరీక్షశాల, ఎక్స్‌రే ఉండాలి, ఇటువంటివి. (వాటా పంచుకోవడం ఏమిటని మన ఊళ్ళలో ఎవరూ అమాయకంగా అడగరనుకుంటాను.) తరువాత 100 పడకలు, అంతకు పైబడిన ఆసుపత్రులు 692ను తనిఖీ చేస్తే, నియమాలకు సరిపోయినవి 89 మాత్రమే. మిగతావాటిలో దేశంలోకెల్లా పేరున్న ఆసుపత్రులు కూడా ఉన్నాయి. 1919లో న్యూయార్కులోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో సమావేశమైన సంఘం పెద్దలు, ఆ జాబితా పత్రికలవారి చేతికి చిక్కుతుందని భయపడి, హోటల్ కొలిమిలో వేసి కాల్చివేశారు.

ఇది పరువు కాపాడే దయా, రోగులకు ద్రోహమా? రెండూ కొంత ఉన్నాయనుకుంటాను. జాబితా కాల్చారు గాని తనిఖీలు ఆపలేదు. లోపమున్నవాటిని బజారుకీడ్చే బదులు, బాగుపడినవాటి పేర్లను ఏటేటా ప్రకటిస్తూ పోయారు. 1950 నాటికి ఆమోదం పొందిన ఆసుపత్రులు 3,290 అయ్యాయి. ఒంటరిగా చెప్పి సరిదిద్దే మొదటి మెట్టు ఫలించిందనవచ్చు. కాని ఆ మధ్య కాలంలో, ఏ ఆసుపత్రి ఏ జాబితాలో ఉన్నదో తెలియక, తల్లినో బిడ్డనో లోపలికి పంపిన కుటుంబాలకు ఈ జవాబు సరిపోతుందా? నాకు సరిపోదు. దిద్దుబాటు నిజంగా జరుగుతున్నంతవరకే మౌనానికి అనుమతి ఉన్నది, ఆగిన రోజున మౌనం కుట్ర అవుతుంది.

ఈ పనిలో ఆ సంఘానికి కుడిభుజంగా నిలిచినవారిలో ఒక యేసుసభ గురువు ఉన్నారని మన పాఠకులకు తెలియకపోవచ్చు. మిల్వాకీ నగరంలోని మార్కెట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫాదర్ చార్లెస్ మౌలినియర్. 1915లో అమెరికా, కెనడాల కతోలిక ఆసుపత్రుల సంఘం ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షులు ఆయనే. పవిత్రమైన మఠకన్యలు నడిపే ఆసుపత్రి కనుక తనిఖీ అక్కరలేదని ఆయన అనలేదు. మన ఆసుపత్రులే ముందుగా ఆ నియమాలకు తలవంచాలని సిస్టర్లను ప్రోత్సహించారు. భక్తి రికార్డు పుస్తకానికి బదులు కాదని ఆయనకు తెలుసు.

అటువంటి సంఘమే మన దేశంలో పుట్టినది ఎక్కడో కాదు, మన గుంటూరులో. ఆస్ట్రేలియాకు చెందిన డాక్టర్ మేరీ గ్లౌరీ మెల్‌బోర్న్‌లో కంటి వైద్యంలో పేరు తెచ్చుకుంటున్న రోజులలో, 1916లో అక్కడి కతోలిక స్త్రీల సంఘానికి మొదటి అధ్యక్షురాలయ్యారు. అన్నీ వదలి 1920లో గుంటూరు వచ్చి జె.ఎం.జె. సభలో చేరారు. మఠకన్య వైద్యం చేయాలంటే పోపుగారి ప్రత్యేక అనుమతి కావలసిన కాలమది, ఆ కట్టుబాటు 1936లో గాని సడలలేదు. పరికరాలు చాలక, తోడు డాక్టర్లు లేక ఆమె పడిన పాట్లు చెప్పనలవి కాదు. 1943లో 15, 16 మంది సిస్టర్లు గుంటూరులో కూడి ఆమె నాయకత్వంలో భారత కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. దేశం నలుమూలలా ఒంటరిగా డిస్పెన్సరీలు నడుపుతున్న మఠకన్యలు ఒకరి లోటు ఒకరికి చెప్పుకుని, నేర్చుకుని, మెరుగుపడాలన్నది అందులోని ఆలోచన. అధ్యక్షురాలు అన్న పదవికి శాలువా లేదు, జ్ఞాపిక లేదు. ఆమె కలగన్న కతోలిక వైద్య కళాశాల, ఆమె 1957లో ప్రభువులో నిద్రించిన తరువాత, 1963లో బెంగుళూరులో సెయింట్ జాన్స్‌గా వెలసింది. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.

మన దేశంలో డాక్టర్ల సంఘాలు ఎప్పుడూ ఈ దారిలోనే నడిచాయని అనలేము. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి రాదని ఇండియన్ మెడికల్ అసోసియేషన్ సుప్రీంకోర్టు దాకా వాదించింది. వస్తుందని 1995 నవంబరు 13న కోర్టు తీర్పిచ్చింది. ఆ తీర్పు మంచిదే. అయితే దావా భయం పెరిగినకొద్దీ డాక్టరు నోరు ఇంకా మూసుకుంటుందన్నది కూడా నిజం. నష్టపరిహారం పాత రోగికి దక్కుతుంది, రాబోయే రోగికి కావలసినది కాడ్‌మన్ కార్డు.

ప్రియ పాఠకులారా, మీలో చాలామంది ఇళ్ళలో నర్సులున్నారు. ఇక్కడి ఆసుపత్రులలోనో, గల్ఫులోనో, ఇంకా దూర దేశాలలోనో మీ ఆడపిల్లలు ఆపరేషన్ థియేటర్లలో నిలబడుతున్నారు. ఏదో ఒక రాత్రి ఆ అమ్మాయి ఫోన్ చేసి, అమ్మా, ఈ రోజు ఇలా జరిగింది, పెద్ద డాక్టరుగారు ఎవరికీ చెప్పవద్దన్నారు, రికార్డులో వేరేగా వ్రాయమన్నారు అంటే మీరేమి చెబుతారు? ఉద్యోగం జాగ్రత్త, మనకెందుకు అంటారా? అలా అనిపించడం సహజం, అప్పు చేసి చదివించిన తల్లిదండ్రుల భయం నాకు అర్థమవుతుంది. అయినా ఆ పిల్లకు చెప్పవలసినది ఇది. రికార్డులో అబద్ధం నీ చేత్తో వ్రాయవద్దు. ముందు ఆ డాక్టరుగారితోనే మర్యాదగా, ఒంటరిగా మాట్లాడు. తరువాత పై సిస్టరుగారికి చెప్పు. అప్పటికీ అదే జరుగుతుంటే ఆసుపత్రి అధికారులకు కాగితంమీద వ్రాసి ఇవ్వు, నకలు దగ్గర ఉంచుకో. హాస్టల్ గదిలో ఆ సంగతి కబుర్లుగా చెప్పవద్దు, ఫోన్‌లో పదిమందికి పంపవద్దు.

దీనివల్ల నష్టం రాదని ఆమెకు హామీ ఇవ్వకండి. కాడ్‌మన్ 1940లో చనిపోయినప్పుడు ఆయన సమాధిమీద రాయి కూడా లేదు. దాన్ని సర్జన్ల సంఘాలవారు పూనుకుని పెట్టించేసరికి 2014 వచ్చింది. ఉద్యోగం పోతే ఇంటికి వచ్చేయమని, ఈ ఇంట్లో నీకు ఇంత అన్నం ఎప్పుడూ ఉంటుందని ఆ రాత్రే చెప్పండి.